చెక్ క్యాష్ అయిందా?

అమెరికాలో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకునేవారికి లాయరు ఆఫీసు నుంచి ముందుగా ఒక జాబితా వస్తుంది. పాస్‌పోర్టు నకళ్లు, పుట్టిన తేదీ ధ్రువపత్రం, పెళ్లి సర్టిఫికెట్, డాక్టరు సీలు వేసి ఇచ్చిన వైద్య పరీక్ష కవరు, ఫొటోలు. ఏళ్ల తరబడి ఆ జాబితాలో తప్పకుండా కనిపించిన మరో వరస చెక్కులు. ఫారానికొకటి, మనిషికొకటి. ఇప్పటి జాబితాల్లో ఆ వరస లేదు. దాని స్థానంలో జీ-1450, జీ-1650 అని రెండు ఫారాలు చేరాయి. మొదటిది క్రెడిట్ కార్డుతో కట్టడానికి, రెండోది బ్యాంకు ఖాతాలోంచి నేరుగా సొమ్ము తీసుకోమని అనుమతి ఇవ్వడానికి. 2025 అక్టోబర్ 28 తర్వాత కాగితం మీద పంపే దరఖాస్తులకు పర్సనల్ చెక్కు గానీ, మనీ ఆర్డరు గానీ, క్యాషియర్స్ చెక్కు గానీ తీసుకోబోమని వలస దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ప్రకటించింది.

తమకు వచ్చే చెల్లింపుల్లో నూటికి తొంభైకి పైగా చెక్కులు, మనీ ఆర్డర్లేనని ఆ ప్రకటనలోనే ఆ సంస్థ చెప్పుకుంది. కరెంటు బిల్లు నుంచి కూరగాయల దాకా అన్నీ ఫోన్లోనే కట్టేస్తున్న రోజుల్లో కూడా ఈ ఒక్క రుసుము కాగితాన్ని వదల్లేదు. అంత పాతుకుపోయిన అలవాటు ఒక్క తేదీతో ఆగింది. దాని చుట్టూ అల్లుకున్న పనులు, భయాలు, ముందు వచ్చినవారు వెనక వచ్చినవారికి చెప్పిన జాగ్రత్తలు కూడా దాంతోపాటే పోతున్నాయి.

తెలుగునాట నుంచి వెళ్లినవారికి క్యాషియర్స్ చెక్కు ఏమంత వింత కాదు. డీడీ తీసి ఎరిగినవారే అందరూ. కాలేజీ ఫీజుకో, ఉద్యోగ దరఖాస్తుకో ఆంధ్రా బ్యాంకుకో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌కో వెళ్లి, దారంతో కట్టేసిన పెన్నుతో చలానా నింపి, కమిషన్‌తో సహా డబ్బు కట్టి, టోకెను చేతిలో పెట్టుకుని బల్ల మీద కూర్చున్న మధ్యాహ్నాలు వాళ్లకు గుర్తే. డీడీ వెనక పేరు, చిరునామా రాయాలని, నంబరు వేరే కాగితం మీద ఎక్కించుకోవాలని, జెరాక్సు తీయించుకోకుండా పోస్టు చేయకూడదని ఇంట్లో పెద్దవాళ్లు నేర్పారు. క్యాషియర్స్ చెక్కు కూడా అదే పని చేస్తుంది. సొమ్ము ముందే కట్టించుకుని, తన సొంత పూచీ మీద బ్యాంకు ఇచ్చే కాగితం అది. ఖాతాలో డబ్బు లేక తిరిగొస్తుందన్న బెంగ ఉండదు. (ఆ రెండు బ్యాంకులూ ఇప్పుడు లేవు. ఎస్‌బీహెచ్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి.)

ఆ బెంగకు కారణం ఉంది. చెక్కు బౌన్స్ అయితే 30 డాలర్ల జరిమానా పడేది. డబ్బు కంటే పెద్ద నష్టం, దరఖాస్తు అందిన తేదీయే చేజారే ప్రమాదం. వరసలో ఏ రోజు నిలబడ్డామన్నదే జీవితాన్ని నిర్ణయించే చోట ఆ తేదీని పోగొట్టుకోవడానికి ఎవరూ సిద్ధపడరు. కొత్తగా దిగినవారికి మరో చిక్కు. ఖాతా తెరిచిన రోజున బ్యాంకువాళ్లు చేతిలో పెట్టే తాత్కాలిక చెక్కుల మీద పేరు, చిరునామా అచ్చయి ఉండవు. అచ్చయిన పుస్తకం పోస్టులో రావడానికి రోజులు పడుతుంది. అందుకే చాలామంది లంచ్ టైములో బ్రాంచికి పరిగెత్తేవారు.

*

కౌంటరు దగ్గర పని చిన్నదే. అయినా అజాగ్రత్తకు చోటు లేనిది. ఎవరి పేరున అని టెల్లర్ అడిగితే, ఇంటి దగ్గరే పెద్దక్షరాల్లో రాసుకొచ్చిన చీటీని అద్దం కిందనుంచి లోపలికి తోసేవారు. ‘యూఎస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ హోమ్‌లాండ్ సెక్యూరిటీ’. పేరు మొత్తం రాయాలి, డీహెచ్‌ఎస్ అని పొడి అక్షరాలు వేయకూడదని ఫారం సూచనల్లో ఉండేది. 2003 మార్చి 1కి ముందు ఆ చోట ‘ఇమ్మిగ్రేషన్ అండ్ నేచురలైజేషన్ సర్వీస్’ అని ఉండేది. పసిఫిక్‌లోని గువామ్ ద్వీపంలో ఉండేవారు ‘ట్రెజరర్, గువామ్’ పేరున తీయాలని పాత ఫారాలు ప్రత్యేకంగా చెప్పేవి.

టెల్లర్ డ్రైవింగ్ లైసెన్సు చూసి, వివరాలు టైపు చేసి, తాళం వేసిన సొరుగులోంచి ప్రత్యేకమైన కాగితం తీసి ప్రింటరులో పెట్టేది. కరకరమని కాసేపు చప్పుడు. మొత్తం పెద్దదైతే లోపలి గదిలోని అధికారి సంతకం కూడా కావాలి. అసలు కాగితం ఒకటి, చెల్లదని ముద్ర ఉన్న నకలు ఒకటి చేతికొచ్చేవి. ఇచ్చినందుకు చాలా బ్యాంకులు ఎనిమిది, పది డాలర్లు తీసుకునేవి. అలాంటివి నాలుగైదు కావాలంటే ఆ ఖర్చూ తెలిసేది.

ఖాతా లేనివారికి మనీ ఆర్డరు దిక్కు. పోస్టాఫీసులో, కిరాణా దుకాణంలో, సెవెన్ ఎలెవెన్‌లో దొరికేది. పోస్టల్ మనీ ఆర్డరు మీద గరిష్ఠంగా 1,000 డాలర్లే రాయించుకోవచ్చు. గ్రీన్‌కార్డు చివరి దశ ఫారమైన ఐ-485 రుసుము వేలిముద్రలతో కలిపి 1,010 డాలర్లయిన రోజుల్లో, ఆ మిగతా పది కోసం రెండో మనీ ఆర్డరు తీయాల్సి వచ్చేది.

పర్సనల్ చెక్కు రాసేవారికి ఇంకో రకం పరీక్ష. ఇక్కడ ముందు తేదీ, తర్వాత నెల. అక్కడ ముందు నెల, తర్వాత తేదీ. చిన్నప్పటినుంచి అలవాటైన చెయ్యి ఊరుకోదు. మొత్తాన్ని అక్షరాల్లో రాసి చివర ‘ఓన్లీ’ అని పెట్టే మన పద్ధతి మానుకుని, సెంట్ల కోసం వంద మీద సున్నాలు వేసి, మిగిలిన ఖాళీలో అడ్డగీత గీయాలి. కింద మెమో గీత మీద ఫారం నంబరు, దరఖాస్తుదారు పేరు. ఒక్క అంకె తేడా పడినా ప్యాకెట్ మొత్తం తిరిగొచ్చేది. అందుకే ఒక కుటుంబం దరఖాస్తులన్నిటికీ కలిపి ఒకే చెక్కు రాయవద్దని లాయర్లు పదేపదే చెప్పేవారు. ఒక ఫారంలో పొరపాటు దొర్లితే మిగతావైనా నిలబడాలన్నది వాళ్ల ఆలోచన.

*

ప్యాకెట్ కట్టడం ఇంటిల్లిపాదీ చేసే పని. రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ తుడిచి కాగితాలు పరిచేవారు. అప్పట్లో లాయర్లు ఒక పద్ధతి పాటించేవారు: కాగితాల పైఅంచున రెండు చిల్లులు, వాటిలోంచి దూర్చి మడిచే రేకు బద్దీ, ఏ విభాగం ఎక్కడుందో తెలిసేలా అడుగున వరసగా ట్యాబులు. పంచింగ్ మెషీన్ టకటకలు ఆ రాత్రంతా వినిపించేవి. తర్వాత స్కానింగు వచ్చి ఆ చిల్లులూ, స్టేపుల్ పిన్నులూ వద్దనే దాకా అదే మర్యాద. ఫొటోల సంగతి మరీ చిత్రం. 2004 దాకా ముఖం ఓ పక్కకు తిప్పి కుడి చెవి కనిపించేలా దిగిన ఫొటోలే అడిగేవారు.

అన్నిటికంటే పైన చెక్కులు. వాటి మీద జీ-1145 అనే ఒంటి పేజీ ఫారం క్లిప్పుతో పెడితే, దరఖాస్తు అందాక ఫోనుకు కబురొచ్చే సదుపాయం తర్వాతి కాలంలో వచ్చింది. కవరు మూసేముందు దేవుడి దగ్గర పెట్టేవాళ్లు, రాహుకాలం చూసి ఫెడెక్స్ ఆఫీసుకు బయల్దేరేవాళ్లు ఉండేవారు. హైదరాబాద్ శివార్లలోని చిలుకూరు బాలాజీని అందరూ వీసా బాలాజీ అంటారు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. అక్కడ అమ్మానాన్నలు ప్రదక్షిణలు చేస్తుంటే అమెరికాలో పిల్లలు ట్రాకింగ్ నంబరు చూస్తూ కూర్చునేవారు.

*

అప్పుడు మొదలయ్యేది అసలు ఎదురుచూపు. ఆ రోజుల్లో తెలుగువాళ్లు గుడిలో కలిసినా, దేశీ కిరాణా కొట్టులో ఎదురుపడినా, ఉగాది సంబరాల్లో పులిహోర వడ్డించుకుంటున్నా ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటుండేది. ‘చెక్ క్యాష్ అయిందా అండీ?’

ఎందుకంటే లోపల ఏం జరుగుతోందో తెలియడానికి బయటివారికున్న తొలి ఆనవాలు అదే. ఫెడెక్స్ చెప్పేది కవరు ఎవరో సంతకం చేసి తీసుకున్నారని మాత్రమే. ఆఫీసు నుంచి రసీదు, అంటే ఐ-797 నోటీసు, పోస్టులో రావడానికి వారాలు పట్టేది. మధ్యలో ఒక రోజు బ్యాంకు ఖాతా తెరిస్తే సొమ్ము తగ్గి ఉండేది. డబ్బు పోయినందుకు సంబరపడిన సందర్భం బహుశా ఇదొక్కటే. ప్యాకెట్ తెరిచారు, చూశారు, తిప్పికొట్టలేదు అని దాని అర్థం.

అంతటితో ఆగేవారు కాదు. నెట్‌లో చెక్కు బొమ్మ తెరిచి వెనకవైపు చూసేవారు. అక్కడ మసకగా అచ్చు పడ్డ పదమూడు అక్షరాలు, అంకెలు ఉండేవి. అదే రసీదు నంబరు. మొదటి మూడక్షరాలు ఆఫీసు పేరు: ఎల్‌ఐఎన్ అంటే నెబ్రాస్కాలోని లింకన్, ఎస్‌ఆర్‌సీ అంటే టెక్సాస్, ఈఏసీ అంటే వెర్మాంట్, డబ్ల్యూఏసీ అంటే కాలిఫోర్నియా. తర్వాతి రెండంకెలు అక్టోబరులో మొదలయ్యే ఆర్థిక సంవత్సరం, ఆ తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో పనిదినమో, చివరి ఐదు వరస సంఖ్య. కంటికి సరిగా ఆనకపోతే బొమ్మను పెద్దది చేసి, అది ఎనిమిదా మూడా అని ఇద్దరు ముగ్గురు కలిసి తేల్చేవారు. ఆ నంబరును సంస్థ వెబ్‌సైటులో కొట్టి, కేసు స్వీకరించామన్న మాట కనిపిస్తే ఆ రాత్రి ఇంట్లో పాయసం.

ఈ వెసులుబాటు వెనక ఒక చట్టం ఉంది. అమెరికాలో అసలు చెక్కు కాగితం బదులు దాని బొమ్మతోనే బ్యాంకులు లావాదేవీ పూర్తి చేసుకునేలా చేసిన ‘చెక్ 21’ చట్టం 2004 అక్టోబర్ 28న అమల్లోకి వచ్చింది. సరిగ్గా 21 ఏళ్లకు, అదే తేదీతో, వలస దరఖాస్తుల్లో చెక్కు ముగిసింది.

క్యాషియర్స్ చెక్కు తీసినవారు మాత్రం ఇక్కడ నష్టపోయేవారు. అది బ్యాంకు సొంత ఖాతా మీద తీసిన చెక్కు. దరఖాస్తుదారు ఖాతాలో సొమ్ము తీసిన రోజే తగ్గిపోతుంది, తర్వాత ఎప్పుడు చెల్లిందో కనిపించదు, వెనకవైపు బొమ్మా కనిపించదు. కావాలంటే మళ్లీ బ్రాంచికి వెళ్లి, నకలు చూపించి, చెల్లిన చెక్కు కాపీ తెప్పించమని అడగాలి. ఓపికున్న టెల్లర్ దొరికితే అదృష్టం. బౌన్స్ భయం లేని భద్రత కావాలా, రసీదు నంబరు ముందే చూసుకునే వీలు కావాలా అన్నది ఇళ్లలో గట్టిగానే నడిచిన చర్చ.

*

ఈ కాగితాల కథలో తెలుగువాళ్లు మరిచిపోలేనిది 2007 జులై. వరస ఏ తేదీ దాకా వచ్చిందో చెప్పే ఆ నెల వీసా బులెటిన్‌లో ఉద్యోగ ఆధారిత కేటగిరీలు దాదాపు అన్నీ ఒక్కసారిగా ‘కరెంట్’ అయ్యాయి. ఏళ్లుగా ప్రయారిటీ డేట్ (వరసలో తమ తేదీ) కోసం కాచుకున్న భారతీయులంతా ఐ-485 వేయవచ్చు. వైద్య పరీక్షలకు డాక్టర్ల దగ్గర క్యూలు. ఇండియా నుంచి పుట్టిన తేదీ అఫిడవిట్లు కొరియర్‌లో. పెళ్లికి ముహూర్తం ముందుకు జరుపుకున్నవారున్నారు. తీరా జులై 2న, ప్యాకెట్లు ఆఫీసుల గుమ్మం చేరుతుండగా, వీసా నంబర్లు అయిపోయాయని, దరఖాస్తులు తీసుకోబోమని ప్రకటన వచ్చింది.

అప్పుడు జరిగిన నిరసన అమెరికా ఎరగనిది. ‘లగే రహో మున్నాభాయ్’ సినిమా స్ఫూర్తితో, జులై 10న వందలాది మంది యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్ ఎమిలియో గొంజాలెజ్ పేరున పూలగుత్తులు పంపారు. ఆ పూలను వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి, బెథెస్డా నౌకాదళ ఆసుపత్రికి తరలించారు. జులై 17న సంస్థ వెనక్కి తగ్గింది. ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామంది.

పైగా పాత రుసుములతోనే. జులై 30 నుంచి ఫీజులు పెరిగినా, ఈ బులెటిన్ కింద వేసేవారికి పాతవే వర్తించాయి. ఐ-485కు 325 డాలర్లు, వేలిముద్రలకు 70, పని అనుమతి పత్రం ఈఏడీకి 180, ప్రయాణ అనుమతికి 170. మనిషికి 745. భార్యాభర్తలిద్దరికీ కలిపి 1,490 డాలర్లకు ఒక్కో ఫారానికి విడివిడిగా చెక్కులు. తర్వాత వేసేవారికి అన్నీ కలిపి ఒకే రుసుము 1,010 అయింది.

ఆ వేసవి ప్యాకెట్లు కుప్పలు పడి, చాలామంది చెక్కులు నెలల తరబడి కదల్లేదు. ఎప్పుడు చెల్లుతుందో తెలియని చెక్కు కోసం ఖాతాలో సొమ్ము కదపకుండా ఉంచుకోవాలి. నెబ్రాస్కా ఆఫీసులో జులై 2 ఉదయం కవర్లు అందుకుని సంతకం చేసిన ఉద్యోగి పేరు వేలాది మందికి కంఠతా వచ్చేసింది. ఆ మనిషికి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

చవగ్గా కట్టామనుకున్న ఆ కుటుంబాలకు లెక్క తర్వాత తిరగబడింది. కొత్త రుసుము కట్టినవారికి గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఈఏడీ, ప్రయాణ అనుమతి ఉచితంగా పొడిగించేవారు. పాత రుసుము కట్టినవారు ప్రతిసారీ ఈఏడీకి 340, ప్రయాణ అనుమతికి 305 డాలర్ల చొప్పున మళ్లీ చెక్కులు రాయాలి. రెండేళ్లు చెల్లే ఈఏడీ 2008 జూన్ దాకా లేదు, ఏడాదికే ఇచ్చేవారు. భారతీయుల వరస ఏళ్లకేళ్లు సాగడంతో ఒక్కో ఇంట్లో ఆ చెక్కుల నకళ్లు ఫైలు నిండా పేరుకున్నాయి.

*

ఉద్యోగ వీసా హెచ్-1బీ చెక్కులది వేరే రుతువు. ఏప్రిల్ 1న అందేలా కంపెనీలు పూర్తి దరఖాస్తులు పంపేవి. ఒక్కో దరఖాస్తుకు మూల రుసుము, శిక్షణ నిధి రుసుము 750 లేదా 1,500, మోసాల నిరోధానికి 500, తొందరగా కావాలంటే ప్రీమియం రుసుము, అన్నిటికీ వేర్వేరు చెక్కులు. 2007 ఏప్రిల్‌లో రెండు రోజుల్లోనే లక్షకు పైగా వచ్చి లాటరీ తీయాల్సి వచ్చింది. ఉన్న వీసాలు 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. 2016లో అయితే 2,36,000 అందాయి. కంపెనీ ఖాతాలో చెక్కు చెల్లిందంటే లాటరీ తగిలినట్టే. అకౌంట్స్ విభాగంలో పనిచేసే తెలుగు కుర్రాడికి ఆ నెలలో వచ్చినన్ని ఫోన్లు మరెప్పుడూ రావు. తగలనివారి కట్టలు, చెల్లని చెక్కులతో సహా, నెలల తర్వాత తిరిగొచ్చేవి.

2020 నుంచి ముందుగా నెట్‌లో పది డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకునే పద్ధతి వచ్చాక ఆ కట్టల రాకపోకలు తగ్గాయి. ఆ రుసుము 2025లో 215 అయింది. ఈ మార్పు మంచిదే. ఎంపిక కాని వేలాది దరఖాస్తుల కోసం ఏటా అంత కాగితం, అంత శ్రమ వృథా అయ్యేవి.

*

2018 ఫిబ్రవరిలో నలభైకి పైగా ఫారాలకు క్రెడిట్ కార్డు అనుమతించినా జనం చెక్కును వదల్లేదు. చివరికి 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ సమాఖ్య ప్రభుత్వ చెల్లింపుల్లో కాగితం చెక్కులు మాన్పించే ఉత్తర్వు మీద సంతకం చేశాకే ఆ అలవాటుకు తెరపడింది.

లాభాలను కాదనలేం. పోస్టుడబ్బాల్లోంచి కవర్లు దొంగిలించి, చెక్కు మీది సిరాను రసాయనంతో కడిగి వేరే పేరు రాసుకునే ముఠాలు కరోనా తర్వాత పెచ్చుమీరాయి. అమెరికా ఆర్థిక శాఖ 2023లో బ్యాంకులను దీనిపై ప్రత్యేకంగా హెచ్చరించింది. మూడు ఫారాలకు మూడుసార్లు బ్రాంచి చుట్టూ తిరిగే పనీ తప్పింది.

అయితే కొత్త పద్ధతి తన భయాలు తాను తెచ్చింది. కార్డు ఒకసారి తిరస్కరణకు గురైతే రెండోసారి ప్రయత్నించరు, ప్యాకెట్ తిరిగొస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి ఐ-485 ఒక్కటే 1,440 డాలర్లు, ఈఏడీకి 260, ప్రయాణ అనుమతికి 630 విడిగా. నలుగురున్న ఇంట్లో ఒకే రోజు అన్ని వేలు ప్రభుత్వ ఖాతాకు వెళ్తే మోసమేమోనని బ్యాంకే ఆపేయవచ్చు. అందుకే ప్యాకెట్ పంపే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి పరిమితి పెంచమని చెప్పుకోవడం ఇప్పటి జాగ్రత్త. డబ్బు వెళ్లే వేగం పెరిగింది. గ్రీన్‌కార్డు వరసకు మాత్రం దాంతో వేగం రాలేదు. యూఎస్‌సీఐఎస్ ఖర్చు దాదాపు మొత్తం ఈ రుసుములతోనే నడుస్తుందని గుర్తుంచుకుంటే, కట్టేవారికి ఇంకాస్త సమాధానం దక్కాలని అడగడం న్యాయమే.

నిజమైన నష్టం నగదు మీద బతికేవారికి. శరణార్థులుగా వచ్చినవారు, ఖాతా తెరవడానికి పత్రాలు చాలనివారు, పిల్లల దగ్గరుంటూ తమ పేరున బ్యాంకు ఖాతా లేని ముసలి తల్లిదండ్రులు. పిల్లల కార్డు ఉన్నవారికి ఇబ్బంది లేదు, జీ-1450 మీద కొడుకో కూతురో సంతకం చేస్తే చాలు. ఆ ఆసరా లేనివారికి అమెరికా బ్యాంకు జారీ చేసిన ప్రీపెయిడ్ కార్డు ఒక దారి. అదీ కుదరకపోతే కాగితం మీద కట్టడానికి అనుమతించమని జీ-1651 అనే మరో ఫారం నింపి, తమకు బ్యాంకు ఎందుకు అందుబాటులో లేదో చెప్పుకోవాలి. నిన్నటి దాకా వాళ్లు నోట్లు పట్టుకుని దగ్గరి పోస్టాఫీసుకు వెళ్లి మనీ ఆర్డరు తీసుకునేవారు. దానికి ఎవరి అనుమతీ అడగాల్సిన పని ఉండేది కాదు.